గదులు కట్టారు, జనం రాలేదు: బొంబాయి మిల్లు పేటలో ఇళ్ల కథ

1922లో బొంబాయి ప్రభుత్వం డాక్టర్ బార్న్స్ అనే డాక్టరమ్మకు ఒక పని అప్పగించింది. మిల్లుల్లో పనిచేసే ఆడవాళ్ల కాన్పులు ఎలా జరుగుతున్నాయో చూసి చెప్పమన్నారు. జిల్లా నర్సును వెంటబెట్టుకుని ఆమె ఒక చాల్ (వరుసగా అద్దె గదులుండే అంతస్తుల భవనం) మెట్లెక్కింది. అక్కడ పదిహేను అడుగుల పొడవు, పన్నెండు అడుగుల వెడల్పు ఉన్న ఒక గది. నేల మీద ఆరు పొయ్యిలు. ఆరు పొయ్యిలంటే ఆరు కాపురాలు. పిల్లా పెద్దా కలిపి ముప్ఫై మంది. ఆరుగురు ఆడవాళ్లలో ముగ్గురికి నెలలు నిండుతున్నాయి. ఇంతమందిలో కాన్పు ఎలా చేస్తారని అడిగితే, మూడడుగులు నాలుగడుగుల మూల ఒకటి చూపించారు. ఆ సమయం వచ్చినప్పుడు దానికి అడ్డు కడతారట. రాత్రిపూట ఆరు పొయ్యిల పొగ ఆ గదిలోనే. ఇలాంటి గదులు ఇంకా చాలా చూశానని ఆమె రాసింది.

అవే సంవత్సరాల్లో, అదే ఊళ్లో, మిల్లు కార్మికుల కోసమని ప్రభుత్వం వేల కొద్దీ కాంక్రీటు గదులు కట్టింది. ఆ గదుల్లో వేలకు వేలు ఏళ్ల తరబడి ఖాళీగా పడి ఉన్నాయి. ఇక్కడ ముప్ఫై మందికి ఒక గది, అక్కడ మనిషి లేని చాళ్లు. ఈ రెండూ పక్కపక్కన ఎలా ఉన్నాయన్నదే ఈ వ్యాసం. పేదలకు ఊపిరాడే ఇల్లు ఎందుకు దొరకదో తెలుసుకోవడానికి ఇంతకన్నా తేటగా కనిపించే ఉదాహరణ నాకు తెలియదు.

ముందు ఆ పేట సంగతి. పరేల్, లాల్‌బాగ్, చించ్‌పోక్లీ, నాయిగావ్, డిలైల్ రోడ్డు, వర్లీ. మరాఠీలో ఈ ప్రాంతమంతటినీ గిరణ్‌గావ్ అంటారు, అంటే మిల్లుల ఊరు. 1920ల మొదట్లో బొంబాయి బట్టల మిల్లుల్లో దాదాపు లక్షన్నర మంది పనిచేసేవారు. ఎక్కువమంది కొంకణ్ నుంచి, సతారా వైపు నుంచి వచ్చినవాళ్లు. మనవాళ్లూ తక్కువేం కాదు. నైజాం ప్రాంతం నుంచి ఇళ్లు కట్టే పనికి వలసపోయిన కామాఠీల పేరు మీదే కామాఠీపురా వెలిసింది. కరీంనగర్, నల్లగొండ వైపు పద్మశాలీలు మగ్గాన్ని వదిలి మిల్లు సాంచెల దగ్గరికి చేరారు. కరీంనగర్ వైపు వలసంటే ఇప్పటికీ 'బొంబాయి, దుబాయి, బొగ్గుబాయి' అంటారు. ఆ మూడింటిలో మొదటిది ఈ మిల్లు పేటే.

1911లో బొంబాయి జనాభా 9.79 లక్షలు. 1921కి 11.75 లక్షలు. మొదటి ప్రపంచ యుద్ధం వల్ల సిమెంటు, ఇనుము, కలప అన్నీ ప్రియమయ్యాయి, ఇళ్లు కట్టేవాళ్లు ఆగిపోయారు. 1921-22లో లేబర్ ఆఫీసు కార్మిక కుటుంబాల ఖర్చుల మీద సర్వే చేస్తే నూటికి 97 కుటుంబాలు ఒంటిగదిలోనే బతుకుతున్నాయని తేలింది. నగరంలో శిశు మరణాల లెక్క చూస్తే కడుపు తరుక్కుపోతుంది. 1921లో నమోదైన ప్రతి వెయ్యి జననాలకు 660కి పైగా శిశు మరణాలు. ఒంటిగది ఇళ్లలో 800 దాటింది. ఈ లెక్కలో ఒక తిరకాసు ఉంది, అది చెప్పకపోతే తప్పవుతుంది. చాలామంది ఆడవాళ్లు కాన్పుకు సొంతూరు వెళ్లి, పసిబిడ్డతో తిరిగొచ్చేవారు. పుట్టుక ఊరి లెక్కలో పడేది, చావు బొంబాయి లెక్కలో పడేది. ఆ తేడా తీసేసినా మిగిలేది ఘోరమే.

మరి అంత ఇరుకులో ఎందుకున్నారు? అద్దె కట్టలేక అన్నది సగం జవాబు. మిగతా సగం మిల్లు గేటు దగ్గర దొరుకుతుంది. మిల్లులో పర్మినెంటు పని అందరికీ ఉండేది కాదు. బద్లీలు, అంటే ఎవరైనా రాకపోతే ఆ రోజుకు వాళ్ల బదులు పనిచేసేవాళ్లు, తెల్లారకముందే గేటు దగ్గర నిలబడాలి. జాబర్, అంటే కూలీలను పనిలో పెట్టుకునే మేస్త్రీ, పేరు పెట్టి పిలిస్తే కూలి, లేదంటే ఇంటికి. జాబర్ కళ్ల ముందు తిరిగేవాడికే పని. మూడు మైళ్ల అవతల చవగ్గా చోటు దొరికినా అక్కడినుంచి ఈ గేటుకు ఏ వేళకు చేరతాడు? ట్రామ్ ఛార్జీ ఎవరిస్తారు?

అక్కడితో అయిపోలేదు. పక్క సందు కిరాణా షాపులో అప్పు పుట్టేది, జీతం రాని నెలల్లో ఆ ఖాతాయే బతికించేది. పెళ్లాం పిల్లల్ని ఊళ్లో వదిలి వచ్చిన మగవాళ్లకు ఖానావళి ఉండేది. అంటే ఎవరో ఒకామె తన గదిలోనే పదిమందికి వండిపెట్టి నెలకింత తీసుకునే ఏర్పాటు. ఆ తినేవాళ్లలో కొందరు ఆ గదిలోనో, వరండాలోనో పడుకునేవారు. రాత్రి షిఫ్టు వాడు లేచి వెళ్తే పగటి షిఫ్టు వాడు అదే చాప మీద వాలేవాడు. సమ్మె వస్తే ఊరివాళ్లు, కులంవాళ్లు, గదివాళ్లు కలిసి ఆ గడ్డు కాలం దాటించేవారు. 1928లో సమ్మె ఆరు నెలలు సాగింది. ఆ ఆరు నెలలూ జనం నిలబడ్డారంటే ఈ సందుల్లో అల్లుకున్న అప్పులు, చుట్టరికాలు లేకుండా కుదిరేది కాదు.

కాబట్టి బయటినుంచి చూసేవాడికి అది కిక్కిరిసిన మురికి గది. లోపలున్నవాడికి అదే ఉద్యోగం, అదే బ్యాంకు, అదే బీమా. ముప్ఫై మంది ఆ గదిలో ఇష్టపడి ఉన్నారని నేననడం లేదు. ఆ పొగలో బిడ్డను కనడం ఏ తల్లీ కోరుకోదు. వాళ్లను అక్కడ కట్టిపడేసిన తాడు గోడల్లో లేదు, జీతంలోనూ పని దొరికే పద్ధతిలోనూ ఉంది. ఊరిని బాగుచేయడానికి పూనుకున్నవాళ్లు మాత్రం ఎంతసేపూ గోడల్నే చూశారు.

ఆ చూపు 1896 ప్లేగుతో మొదలైంది. మాండ్వీలో మొదలైన ప్లేగు ఊరంతా పాకింది, జనం లక్షల్లో పారిపోయారు, మిల్లులు ఆగిపోయాయి. రోగం మురికి నేలలోంచి, చీకటి గదుల్లోంచి పుడుతుందని అప్పటి డాక్టర్లు, అధికారులు గట్టిగా నమ్మారు. ఆ నమ్మకం మీదే 1898లో బొంబాయి సిటీ ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు పుట్టింది. పాడుబడ్డ పేటల్ని కొని, పడగొట్టి, వెడల్పాటి రోడ్లు వేయడం దాని పని. మొదటి స్కీము కామాఠీపురా పక్కనే ఉన్న నాగ్‌పాడాలో. పదేళ్లు తిరిగేసరికి ప్లేగు ఎలుక మీది ఫ్లీ అనే రక్తం పీల్చే చిన్న పురుగుతో వస్తుందని తేలింది. అయినా పడగొట్టడం ఆగలేదు. అప్పటికి అదొక యంత్రంలా నడుస్తోంది. (హైదరాబాద్‌లో కూడా 1908 మూసీ వరద తర్వాత ఇదే దారిలో 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు వచ్చింది. దాని కథ వేరే రాయాలి.)

ట్రస్టుకు కొన్నాళ్లు ఛైర్మన్‌గా ఉన్న ఓర్ అనే ఐసీఎస్ అధికారికి వెలుతురంటే పట్టుదల. ప్రతి గదిలోకీ ఆకాశం కనిపించాలని, ఎదుటి గోడ కిటికీ వెలుతురును అడ్డుకోకుండా 63.5 డిగ్రీల కోణం వదలాలని లెక్క కట్టాడు. మంచి లెక్కే, మనిషి కూడా చిత్తశుద్ధి ఉన్నవాడే. కానీ కోణం కోసం గోడ కొడితే గది పోతుంది. గది పోతే అందులోవాళ్లు పక్క వీధిలో చుట్టాల గదికి చేరతారు. ఇక్కడ వెలుతురు వస్తే అక్కడ చీకటి రెట్టింపవుతుంది. ట్రస్టు కూడా చాళ్లు కట్టింది, కానీ మొత్తం మీద కట్టిన గదుల కన్నా కూల్చిన గదులే ఎక్కువ.

పైగా నష్టపరిహారం ఇంకో చిక్కు. ఆస్తి విలువను అది తెచ్చే రాబడిని బట్టి కడితే, ఎక్కువమందిని కుక్కి ఎక్కువ అద్దె గుంజిన యజమానికే ఎక్కువ డబ్బు ముడుతుంది. అద్దెకున్నవాడికి ఏమీ రాదు. మురికివాడల నిర్మూలన ఎక్కడ జరిగినా నేను ముందు వెతికేది ఈ ఒక్క వివరమే. చెక్కు ఎవరి చేతికి వెళ్లింది?

యుద్ధం ముగిసేసరికి పరిస్థితి చెయ్యి దాటింది. ఇళ్ల యజమానులు అద్దెలు పెంచుతుంటే ఆపడానికి 1918లో అద్దెల నియంత్రణ చట్టం తెచ్చారు. అదే సంవత్సరం ఇన్‌ఫ్లుయెంజా ఊరిని ఊడ్చింది. 1919 మొదట్లో మిల్లుల్లో పెద్ద సమ్మె జరిగింది. సరిగ్గా అప్పుడే కొత్తగా వచ్చిన గవర్నర్ జార్జ్ లాయిడ్‌కు ఒకేసారి అంతా మార్చేయాలని ఉంది. 1920లో బొంబాయి డెవలప్‌మెంట్ డైరెక్టరేట్ (బీడీడీ) పెట్టాడు. రెండు పెద్ద పనులు చేపట్టాడు: ఒకటి బ్యాక్ బే దగ్గర సముద్రాన్ని పూడ్చి నేల సంపాదించడం, రెండోది కార్మికులకు యాభై వేల గదులు. డబ్బుకు అప్పు తెచ్చారు. అది చాలదని బొంబాయిలోకి వచ్చే పత్తి మీద బేలుకు ఒక రూపాయి సుంకం వేశారు.

అలా లేచినవే బీడీడీ చాళ్లు. వర్లీ, నాయిగావ్, డిలైల్ రోడ్డు, శివ్‌డీ, నాలుగు చోట్ల కలిపి 207 భవనాలు. కింద ఒకటి, పైన మూడు, మొత్తం నాలుగు అంతస్తులు. నడుమ నడవా, అటూ ఇటూ గదులు. అంతస్తుకు ఇరవై, భవనానికి ఎనభై గదులు. నల్లాలు, పాయిఖానాలు అంతస్తుకంతా ఉమ్మడి. ఒక్కో గది 160 చదరపు అడుగులు. డాక్టర్ బార్న్స్ చూసిన ఆ ఆరు పొయ్యిల గది 180 చదరపు అడుగులు! అంటే ప్రభుత్వం ఆదర్శంగా కట్టిన గది, ఏ గదిని చూసి అందరూ గుండెలు బాదుకున్నారో దానికన్నా చిన్నది. ఒక్క కుటుంబమే ఉంటుంది కాబట్టి చాలుతుందని లెక్క. ఆ ఒక్క కుటుంబమే ఉండాలంటే అద్దె మొత్తం ఆ ఒక్క కుటుంబమే కట్టుకోవాలి.

అసలు ముడి ఇక్కడే పడింది. ప్రియమైన సిమెంటు, అప్పు, అప్పు మీద వడ్డీ కలుపుకుని అద్దె లెక్కగడితే మిల్లు కార్మికుడు అటువైపు చూడలేడు. లేబర్ ఆఫీసు సర్వేలో కార్మిక కుటుంబం సగటు నెల రాబడి 52 రూపాయలు. అది కూడా ఇంట్లో ఒకరికన్నా ఎక్కువమంది సంపాదిస్తే. పాత చాల్‌లో గదికి ఐదారు రూపాయలు, దాన్ని కూడా నలుగురితో పంచుకునేవారు. కొత్త చాల్‌లో ప్రభుత్వం కొంత నష్టం భరించి తగ్గించిన అద్దె కూడా దానికన్నా ఎక్కువే. వర్లీ అయితే అప్పటికి ఊరి చివర. బజారు దూరం, వీధి దీపాలు లేవు, రాత్రిపూట దొంగల భయం, మిల్లు గేటుకు నడక. మొదట్లో కట్టినవాటిలో గాలి, వెలుతురు కూడా అంతంతమాత్రమే. అప్పట్లో బొంబాయి యూనివర్సిటీలో పాఠాలు చెబుతున్న పట్టణ ప్రణాళికా నిపుణుడు పాట్రిక్ గెడ్డెస్ ఇలాంటి చాళ్లను మనుషుల్ని నిల్వ చేసే గోదాములతో పోల్చాడు. యాభై వేలు కట్టాల్సినచోట పదహారు వేల చిల్లర దగ్గరే పని ఆపేశారు. కట్టినవాటిలోనూ, ముఖ్యంగా వర్లీలో, వరుసలకు వరుసలు తాళాలు వేలాడాయి. 1930ల మొదట్లో ఉప్పు సత్యాగ్రహం తర్వాత జైళ్లు చాలక, వర్లీ చాళ్లలో కొన్నింటిని తాత్కాలిక జైలుగా వాడుకున్నారు. కూలీల కోసం కట్టిన గదుల్లోకి సత్యాగ్రహులు వచ్చారు.

ఇల్లు బాగుంటే బతుకు బాగుపడుతుందన్న నమ్మకం ఒక్క బొంబాయిది కాదు, ఆ రెండు యుద్ధాల మధ్య కాలమంతటిదీ. అది ఎంత ఖరీదైన పొరపాటు కావచ్చో చూపించినవాడు ఇంగ్లండులోని స్టాక్‌టన్ ఊరి ఆరోగ్యాధికారి మెగోనిగల్. 1927లో అక్కడ ఒక మురికివాడను కూల్చి, అందులోని 152 కుటుంబాలను, 710 మందిని, తోటలున్న కొత్త కాలనీకి మార్చారు. పక్కనే అలాంటిదే ఇంకో వాడను అలాగే వదిలేశారు. ఐదేళ్ల తర్వాత మెగోనిగల్ లెక్కలు తీశాడు. కొత్త ఇళ్లకు వెళ్లినవాళ్లలో మరణాల రేటు వెయ్యికి 23 దగ్గర్నుంచి 33 దాటింది. మురికివాడలోనే ఉండిపోయినవాళ్లలో మాత్రం 26 నుంచి 23 దిగువకు పడింది. ఇళ్లలో ఏదైనా లోపముందా అని వెతికాడు, లేదు. ఇంటి ఖర్చుల లెక్కలు తీస్తే విషయం బయటపడింది. అద్దె దాదాపు రెట్టింపైంది. ఆ డబ్బు ఎక్కడినుంచి వచ్చింది? తిండిలోంచి. పాలు, మాంసం తగ్గించుకుని అద్దె కట్టారు. ఈ ఒక్క పరిశీలన తెలిశాక, బొంబాయి కార్మికుడు కొత్త చాల్‌కు పోకపోవడాన్ని అజ్ఞానమని, మురికికి అలవాటుపడ్డాడని అప్పటి పెద్దమనుషులు అన్న మాటలు వింటే నాకు కోపం వస్తుంది. ఆ మనిషికి లెక్క తెలుసు. పిల్లల కంచం చూసుకుని లెక్క వేసుకున్నాడు.

మరి ఎవరూ దీన్ని గెలవలేదా? వియన్నా కొంతవరకు గెలిచింది. 1923 నుంచి 1934 మధ్య ఆ నగర పాలకవర్గం అరవై వేలకు పైగా ఇళ్లు కట్టింది. అప్పు తేలేదు, ఇళ్ల పన్ను వేసింది. చిన్న ఇంటికి నామమాత్రం, భవంతికి భారీగా. నౌకర్ల మీద, కార్ల మీద, విలాసాల మీద కూడా పన్నులు వేసింది. కట్టడానికి పెట్టిన డబ్బును అద్దెలోంచి రాబట్టాలన్న లెక్కే పక్కన పెట్టేసింది. నిర్వహణకు సరిపడా అద్దె మాత్రమే తీసుకుంది, అది కూలివాడి జీతంలో చిన్న ముక్క. ఆ గదులూ పెద్దవేమీ కావు. కానీ బొంబాయి చాళ్లలా ఖాళీగా పడి ఉండలేదు. పత్తి బేలు మీద రూపాయికీ, వియన్నా పన్నుకీ తేడా కేవలం మొత్తంలో లేదు. ఇంటి ఖర్చుకీ కూలివాడి స్తోమతకీ మధ్య గొయ్యిని ఎవరు పూడ్చాలన్నది వియన్నా ముందే తేల్చుకుంది. బొంబాయి తేల్చుకోలేదు.

బీడీడీ చాళ్లు చివరికి నిండాయి. అద్దెలు దించారు, ఊరు వర్లీ దాకా పెరిగింది, రెండో యుద్ధం వచ్చి మిల్లులు మూడు షిఫ్టులు నడిచాయి. నిండిన తీరులో ఇంకో సంగతుంది, మామూలుగా ఎవరూ చెప్పరు. ప్రైవేటు చాల్ యజమాని కులం అడిగేవాడు. దళితుడని తెలిస్తే ఖాళీ గది కూడా ఖాళీ లేదయ్యేది. ప్రభుత్వ చాల్‌లో ఆ అడ్డు తక్కువ. అందుకే బీడీడీ చాళ్లు, ట్రస్టు చాళ్లు దళిత కుటుంబాలకు నగరంలో కాలు మోపే చోటయ్యాయి. అంబేడ్కర్ పరేల్‌లోని ట్రస్టు చాల్‌లో రెండు గదుల్లో 1934 దాకా, ఇరవై ఏళ్లకు పైగా ఉన్నారు. దళితుల నీటి హక్కు కోసం మహద్ చెరువు పోరాటం నడిపిన కాలంలోనూ, రౌండ్ టేబుల్ సమావేశానికి లండన్ వెళ్లిన కాలంలోనూ ఆయన ఇంటి చిరునామా అదే. గెడ్డెస్ అన్నట్టు అవి గోదాములే కావచ్చు. కానీ ఆ గోదాము తలుపు కులం చూసి మూసుకోలేదు. ఈ రెండూ నిజాలే, ఒకదానితో ఇంకోదాన్ని కొట్టేయడానికి నాకు మనసొప్పదు.

మిల్లులు 1982 సమ్మె తర్వాత ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. సైరన్లు ఆగిపోయాయి, గదులు మిగిలాయి. అదే 160 చదరపు అడుగుల్లో మూడు తరాలు గడిచాయి. అటకలు కట్టారు, కర్టెన్లు వేలాడదీశారు, పెళ్లైన కొడుక్కి మూల ఇచ్చి తండ్రి నడవాలో పడుకున్నాడు. వందేళ్లు నిండబోతుండగా ఆ చాళ్లను కూల్చి కొత్తవి కట్టే పని మొదలైంది. ఈసారి పాతవాళ్లందరికీ అక్కడే, అదే నేల మీద, 500 చదరపు అడుగుల సొంత ఫ్లాటు. 2025 ఆగస్టులో వర్లీలో మొదటి 556 కుటుంబాలకు తాళాలు ఇచ్చారు. గొయ్యిని పూడ్చే డబ్బు ఈసారి పత్తిలోంచి రావడం లేదు. మిగిలిన నేలలో ఖరీదైన టవర్లు కట్టి అమ్మితే వస్తుంది. ఒకప్పుడు ఎవరూ రామన్న వర్లీ ఇప్పుడు దేశంలోనే ప్రియమైన నేలల్లో ఒకటి.

కొత్త భవనాలు నలభై అంతస్తులవి. లిఫ్టులున్నాయి, పార్కింగ్ ఉంది. వంటగది వేరు, పాయిఖానా ఇంట్లోనే. తాళం చేతికి రాకముందు నుంచే చాల్ మీటింగుల్లో ఒక ప్రశ్న మళ్లీ మళ్లీ వచ్చింది. లిఫ్టుకు, పంపుకు, వాచ్‌మన్‌కు కలిపి నెలనెలా మెయింటెనెన్స్ ఎంత కట్టాలి?